కురింతార్ నుంచి భక్తపూర్‌కు: అన్నం ముట్టని తొమ్మిది గంటలు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, నేపాల్‌లో కురింతార్ అనే ఊరి దగ్గర, సంగప్పన్న అరచేతిలోని ఇష్టలింగం జారి త్రిశూలి నదిలో పడిపోయింది. సమయం విషయంలో నాకు అనుమానం లేదు. ఆ క్షణంలో నేను తీసిన ఫోటో మీద అదే అంకె ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇష్టలింగం అంటే లింగాయతులు గురువు చేతుల మీదుగా మెడలో కట్టించుకొనే చిన్న నల్లని లింగం. చనిపోయాక అది వాళ్ళతోపాటే సమాధిలోకి వెళ్తుంది. రోజూ దాన్ని కాయ అనే చిన్న వెండి భరిణెలోంచి తీసి, ఎడమ అరచేతిలో పెట్టుకొని, నీళ్ళు పోసి పూజ చేసిన తర్వాతే తింటారు. అది పోతే మళ్ళీ గురువు ఇచ్చేదాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టకూడదన్నది సంగప్పన్న ఇంటి నియమం. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. చక్కెర జబ్బు ఉంది. తిండికి అరగంట ముందు వేసుకోవలసిన మాత్రను ఆ రోజు ఆరుంపావుకు వేసుకున్నారు. ఆ తర్వాత ఆయన అన్నం ముందు కూర్చునేసరికి తొమ్మిది గంటలకు పైగా గడిచిపోయాయి.

సంగప్పన్నది జహీరాబాద్‌లో అల్లం, బెల్లం కమీషన్ దుకాణం. సొంతూరు మొగుడంపల్లి దగ్గర. తాతల కాలంలో బీదర్ అవతలి నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ కన్నడమే. దుకాణం కొడుకులకు అప్పజెప్పి రెండేళ్ళ కింద కేదార్‌నాథ్ వెళ్ళొచ్చారు. వృషభ రూపం దాల్చిన శివుడి మూపురం కేదార్‌నాథ్‌లో ఉందని, తల నేపాల్‌లో భక్తపూర్ పక్కన డోలేశ్వర్‌లో ఉందని భక్తుల నమ్మకం. ఆ మాట ఆయన అక్కడే విన్నారు. మా ఇళ్ళు ఎదురెదురు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఈ ఊళ్ళో విలేకరిగా పనిచేస్తున్నాను. ఒక రోజు పొద్దున గేటు దగ్గర నిలబడి అడిగారు.

"తమ్మీ, ఈపు సూసొచ్చిన. తల సూడకుంట పోతె ఎట్ల? నువ్వొస్తె నాకు కాయితాల ఫికర్ ఉండదు."

నేపాల్ కొండలు, పాత నగరాలు చూడాలని నాకూ ఉండేది. జనవరి మూడో వారంలో ముగ్గురం బయలుదేరాం: సంగప్పన్న, ఆయన భార్య శరణమ్మ వదినె, నేను.

జహీరాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు బస్సులో మూడు గంటలు. అక్కడి నుంచి గోరఖ్‌పూర్‌కు రైలు. ఒకటిన్నర రోజు ప్రయాణం అనుకున్నది పొగమంచు వల్ల ఆరు గంటలు ఎక్కువ పట్టింది. జనవరిలో వెళ్ళేవాళ్ళు ఆ ఆలస్యాన్ని లెక్కలో వేసుకోవాలి. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సరిహద్దుకు బస్సులో మూడు గంటలు. సరిహద్దు నడిచి దాటాం. మా ఓటరు కార్డులు చూసి పంపించారు. విమానంలో వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ పెట్టుకోవాలి, ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. మన వంద రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలు వస్తాయి. మన గడియారం కంటే వాళ్ళది పావుగంట ముందు. ఇక్కడ రాసిన సమయాలన్నీ నేపాల్ సమయాలే.

అవతలి వైపు భైరహవాలో జీపు మాట్లాడుకున్నాం. డీజిల్‌తో కలిపి రోజుకు పదకొండు వేల నేపాలీ రూపాయలు. డ్రైవర్ పేరు దీపక్, ముప్పై అయిదేళ్ళుంటాయి, ఊరు భక్తపూర్. పుణెలో నాలుగేళ్ళు హోటల్లో పనిచేశాడు కాబట్టి హిందీ ధారాళంగా వచ్చు. సంగప్పన్నది మన ఊరి దక్కనీ ఉర్దూ. మొదటి రోజంతా ఇద్దరూ ఒకరి హిందీకి ఒకరు నవ్వుకున్నారు.

మొదటి మజిలీ తాన్‌సేన్. ఒకప్పుడు పాల్పా రాజ్యానికి రాజధాని. కాఠ్‌మాండూ లోయ నుంచి వచ్చి టిబెట్ వైపు వర్తకం చేసిన నేవారు జాతివాళ్ళు కట్టుకున్న ఊరు. రాళ్ళు పరిచిన సందులు నిటారుగా ఎక్కుతాయి, వాటి మీదికి చెక్క కిటికీలు తెరుచుకుంటాయి. లాడ్జి గది రెండు వేల నేపాలీ రూపాయలు. ఊరి పైనున్న శ్రీనగర్ కొండ ఎక్కడానికి అరగంట పట్టింది. మబ్బు లేని రోజు కాబట్టి ఉత్తరాన ఒక చివర నుంచి ఇంకో చివర దాకా మంచు కొండలు కనిపించాయి. కొండ మీద టీ కొట్టులో సంగప్పన్న గ్లాసు అడుగునున్న అల్లం ముక్కను తీసి, విరిచి, వాసన చూశారు.

"పీచు జాస్తుంది. మన కోహీర్ అల్లం ఇరిస్తె వాసన గీ గోడ దాటాలె."

"గింత దూరమొచ్చి గూడ అల్లమేనా?" అన్నది వదినె. "గా మంచుకొండలు మన దుకాణంల దొరకవు. జర అటు సూడున్రి."

ఆ ఊళ్ళోనే నేను మొదటిసారి ఒక విషయం గమనించాను. లాడ్జివాళ్ళు పూజకని రెండు మంచినీళ్ళ సీసాలు తెచ్చి ఇచ్చారు. సంగప్పన్న వాటిని ముట్టలేదు. ఇత్తడి చెంబు పట్టుకొని, కింది వీధిలో రాతి మొసలి నోట్లోంచి నీళ్ళు పడే ధార దగ్గరికి వెళ్ళి పట్టుకొచ్చారు. "మూతేసి అమ్మిన నీళ్ళు దేవునికి పోస్తరా? పారే నీళ్ళుండాలె, లేకుంటె తోడిన నీళ్ళుండాలె" అన్నారు. జహీరాబాద్‌లో అయితే బావి నీళ్ళు. చలికాలం తెల్లవారుజామున కూడా బావి నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఆయన చేతులకు అరవై ఏళ్ళుగా తెలిసిన పూజ నీళ్ళు అవే. ఈ తేడా మాలో ఎవరికీ తట్టలేదు.

తాన్‌సేన్ నుంచి పోఖరాకు మలుపుల దారిలో ఆరు గంటలు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర దగ్గర పెట్టుకోవాలి. పోఖరాలో రెండు రాత్రులు ఉన్నాం. తెల్లవారుజామున అయిదుంపావుకు బయలుదేరి సారంగ్‌కోట్ కొండ మీదికి వెళ్తే ఏడు గంటలకు మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కొస మీద మొదటి ఎండ పడింది. పక్కనున్న వాలు నుంచి రంగుల గొడుగులు కట్టుకొని మనుషులు గాల్లోకి దూకుతున్నారు. పొద్దెక్కాక ఫేవా సరస్సులో పడవ ఎక్కాం. సంగప్పన్న పడవలోనే చెంబు ముంచి మర్నాటి పూజకు నీళ్ళు పట్టుకున్నారు. పొద్దుటికి ఆ నీళ్ళు గది వెచ్చదనానికి వచ్చాయి. అక్కడా ఇబ్బంది రాలేదు.

మూడో రోజు పోఖరా నుంచి కాఠ్‌మాండూ దారిలో నాలుగు గంటలు వచ్చి కురింతార్‌లో ఆగాం. ఇక్కడి నుంచి మనకామన దేవి గుడికి తీగ మీద నడిచే కేబుల్ కార్ ఉంది. సాయంత్రం వరుసలో నిలబడ్డాం. మా ముందున్న కుటుంబం దగ్గర ఒక మేక ఉంది. మేకకు పోయే టికెట్టే ఉంటుంది, వచ్చే టికెట్ ఉండదని దీపక్ చెప్పాడు. సంగప్పన్న వరుసలోంచి బయటికి వచ్చేశారు.

"మీరు పోయి రాన్రి. దాని ఎంబడి కూసోని నేను పోలేను."

మేమూ వెళ్ళలేదు. ఎక్కలేదు కాబట్టి టికెట్ ధర రాయడం లేదు. నది ఒడ్డున ఒక చిన్న హోటల్లో దిగాం. రాత్రి పప్పు, అన్నం, ఆవాకు కూర తిని పడుకున్నాం. ఆ పూట చెంబు నింపుకోలేదు. నది కిటికీ కిందే పారుతోంది కదా అని.

పొద్దున అయిదున్నరకు లేచాం. ఆరుంపావుకు సంగప్పన్న మాత్ర వేసుకున్నారు. చెంబుతో నీళ్ళు పైకి తెచ్చి పెడతానని దీపక్ అన్నాడు. "నది ముంగట పెట్టుకోని గదిల కూసుంటనా?" అని ఆయన రాతి మెట్లు దిగారు. నీళ్ళ అంచున ఒక బండ మీద, కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చున్నారు. లోయలోకి ఇంకా ఎండ రాలేదు. మంచు కొండల నుంచి వచ్చే నీళ్ళు. నేను వేలు ముంచి చూస్తే కొద్దిసేపటికే వేలు నాది కాదనిపించింది. ఆయన విభూతి పెట్టుకొని, వెండి కాయ విప్పి, లింగాన్ని అరచేతిలోకి తీసుకొని, రెండో చేత్తో నీళ్ళు తీసి పోయడం మొదలుపెట్టారు.

ఈ వాస్తవం కూడా రాయాలి. వెనక నది, పైన పొగమంచు, ముందు ఆయన. మంచి ఫోటో అవుతుందని ఫోన్ తీశాను. ముఖం మీద వెలుతురు లేదు. "అన్నా, చెయ్యి జర ఇటు తిప్పు" అన్నాను. ఆయన తిప్పారు. మొద్దుబారిన వేళ్ళు, తడిసిన నున్నటి లింగం. చప్పుడు కూడా వినిపించలేదు. ఆయన అరచెయ్యి అలాగే పట్టుకొని కొంతసేపు చూశారు. నేనింకా ఫోన్ పట్టుకునే ఉన్నాను.

దీపక్, హోటల్లో పనిచేసే ఇద్దరు, నదిలో రబ్బరు పడవలు నడిపే ఒకతను కలిసి రెండు గంటలు వెతికారు. మూడు అడుగులు వేస్తే నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పడవలతను చివరికి బయటికొచ్చి, ఆ పరిమాణంలో ఉన్నది ఈ వడిలో అడుగున నిలవదని చెప్పాడు. అబద్ధపు ఆశ పెట్టనందుకు అతనికి కృతజ్ఞతలు చెప్పాను. హోటల్ వంటామె మెట్ల మీద నిలబడి సంగప్పన్నను ఓదార్చబోయింది. ఈ నదిలో ప్రతి రాయీ శివుడే, ఒకటి తీసుకోండి అన్నది.

"రాయి పోలేదమ్మా" అన్నారు ఆయన దక్కనీలో. "ఎనిమిదేండ్లప్పుడు మా గురువు కట్టింది పోయింది."

రొట్టెలు, బంగాళాదుంప కూర బల్ల మీద చల్లారాయి. వదినె లింగం ఆమె మెడలోనే ఉంది. లింగాయతుల్లో ఆడవాళ్ళూ ధరిస్తారు. ఆమె పూజ అయింది, తినడానికి ఏ అడ్డూ లేదు. అయినా ముట్టలేదు. ఆయన ముందు కూర్చొని చెబుతూనే ఉంది. "గోలీ ఏసుకున్నరు. తినకుంటె ఏమైతదో డాక్టర్ చెప్పిండా లేదా? నాది మీకు ఇయ్యనీకి రాదు. ఒకలది ఇంకొకలు ముట్టరాదు. గురువు ఈడ లేడు. ఇంటికి పోనీకి నాలుగు రోజులు. నాలుగు రోజులు ఎట్లుంటరు?"

"శివుడు ఎట్ల ఉంచితె గట్ల."

ఖాళీ వెండి కాయ బల్ల మీద తెరిచి ఉంది. దీపక్ దాన్ని చూస్తూ నిలబడి, నన్ను పక్కకు పిలిచాడు. "సార్, మా భక్తపూర్‌లో కొందరి మెడలో ఇలాంటిది చూశాను."

విలేకరులు అడిగే ప్రశ్నలే అడిగాను. ఎవరు, ఎక్కడ, నువ్వు కళ్ళతో చూశావా. వాళ్ళను జంగములు అంటారని, దత్తాత్రేయ గుడి దగ్గర వాళ్ళ పాత మఠం ఉందని, చిన్నప్పటి నుంచి ఆ వీధిలో తిరిగానని చెప్పాడు. ఎప్పుడో దక్షిణం నుంచి వచ్చారని పెద్దవాళ్ళు అనుకునేవారట. అంతకు మించి తనకు తెలియదన్నాడు. లింగాయతులకు దీక్ష ఇచ్చే గురువులు జంగములే. ఈ సంగతి నాకు జహీరాబాద్‌లో ఉండి తెలుసు. సంగప్పన్నకు చెప్పాను. ఆయన నమ్మలేదు, కాదనీ అనలేదు. లేచి జీపులో కూర్చున్నారు. ఎనిమిది యాభైకి కదిలాం.

కురింతార్ నుంచి భక్తపూర్ దాదాపు నూట పదిహేను కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు చేసే పని జరుగుతోంది. దుమ్ము, లారీలు, ఒక్కో చోట ఇరవై నిమిషాలు ఆగడం. పదకొండు ఇరవైకి గజురి అనే ఊరు చేరేసరికి, కిటికీ తెరిచి ఉన్నా సంగప్పన్న నుదుటి మీద చెమట పట్టింది. చేతులు వణుకుతున్నాయి. ఏదో అడిగితే జవాబు ఆలస్యంగా వచ్చింది. దీపక్ మందుల దుకాణం ముందు ఆపాడు. వదినె సంచిలోంచి చక్కెర కొలిచే మిషన్ తీసి వేలు గుచ్చింది. యాభై నాలుగు. దుకాణందారు అంకె చూసి, ఏదైనా తీపి వెంటనే నోట్లో పడాలి, లేకపోతే స్పృహ తప్పుతారు అన్నాడు. గ్లూకోజ్ పొట్లం చేతికిచ్చాడు. సంగప్పన్న పెదవులు బిగించి తల అడ్డంగా ఊపారు. ఊపడం కూడా పూర్తి కాలేదు, తల సీటు మీద వాలిపోయింది.

పెద్దాసుపత్రి ఎంత దూరమని నేను దీపక్‌ను అడుగుతున్నాను. వదినె ఎవరినీ ఏమీ అడగలేదు. పొట్లం చింపి, చూపుడు వేలు తడిపి, పొడిలో అద్ది, భర్త పెదవి లోపల రాసింది. మళ్ళీ అద్దింది, మళ్ళీ రాసింది. పావుగంట తర్వాత కొలిస్తే డెబ్బై ఒకటి. ఇంకోసారి రాసింది. సంగప్పన్న కళ్ళు తెరిచారు. జీపు కదిలిన తర్వాత ఆయన నాలుకతో పెదవులు తడుపుకున్నారు. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"నోరు తియ్యగుంది."

"నేనే రాసిన" అన్నది వదినె.

"పాపం నీకంటింది."

"అంటనియ్యున్రి, నేనే మోస్త. మిమ్ముల మోయనీకి మాత్రం ఈడ నల్గురు దొరకరు."

దీపక్‌కు తెలుగు రాదు. అయినా వెనక్కి తిరిగి చూడకుండా బండి నడిపాడు.

కాఠ్‌మాండూలో ఆ రోజు మేము అనుకున్న చోట్లేవీ చూడలేదు. పశుపతినాథ్ లేదు, పాటన్ లేదు. రింగు రోడ్డు మీద నుంచి స్వయంభూ స్తూపం తెల్లగా ఒక్క నిమిషం కనిపించింది. రెండు ముప్పై అయిదుకు భక్తపూర్ ద్వారం దగ్గర దిగాం. మనలాంటి సార్క్ దేశాలవాళ్ళకు ప్రవేశ రుసుము అయిదు వందల నేపాలీ రూపాయలు. పాత ఊళ్ళోకి వాహనం వెళ్ళదు, నడవాలి. సంగప్పన్న నా భుజం పట్టుకొని నడిచారు. యాభై అయిదు కిటికీల రాజభవనం, అయిదంతస్తుల న్యాతపోలా గుడి, ఎండలో కుండలు ఆరబెట్టిన వాకిళ్ళు అన్నీ దారిలోనే ఉన్నాయి. పదేళ్ళ కిందటి భూకంపంలో కూలిన గోడలు ఏవో, మళ్ళీ కట్టినవి ఏవో ఇటుక రంగు చెబుతుంది. ఎంతో మంది ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి చూసే వీధి అది. మేము నేల చూస్తూ నడిచాం. దత్తాత్రేయ గుడి దాకా ఇరవై నిమిషాల నడకకు నలభై నిమిషాలు పట్టింది.

మఠం చెక్కడపు కిటికీలున్న పాత ఇల్లు. దీపక్ లోపలికి వెళ్ళి ఒక పెద్దాయనను వెంట తీసుకొచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. ఉన్ని టోపీ, నుదుట విభూతి. చొక్కా మీద వేలాడుతున్న కాయను చూసి సంగప్పన్న అక్కడే ఆగిపోయారు. వంగి పాదాలు ముట్టుకున్నారు. ఆ పెద్దాయనకు కన్నడం రాదు, తెలుగు రాదు. పూర్వీకులు కాశీ మీదుగా వచ్చారని మాత్రం తెలుసు. హిందీలో మాట్లాడుకున్నారు. ఏం జరిగిందో సంగప్పన్న వివరించి, చివర ఇంకో మాట చేర్చారు. ఎవరూ అడగకుండానే చెప్పారు.

"నియమం తప్పింది స్వామీ. తొవ్వల నా నోట్ల తీపి పడ్డది."

"ఎవరు పెట్టారు?"

"నా భార్య."

"ఆమె మెడలో లింగం ఉందా?"

"ఉంది."

"లింగం ఉన్న చెయ్యి పెట్టింది ప్రసాదం. నియమం ఎక్కడ తప్పింది?" అన్నారు పెద్దాయన. ఆ మాటకు వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది. తెల్లవారినప్పటి నుంచి ఆమె కంట్లో నీళ్ళు చూడడం అదే మొదలు.

పెద్దాయన లోపలి నుంచి ఎర్ర గుడ్డలో చుట్టిన లింగం తెచ్చారు. ఆయన మనవరాలికి శివరాత్రి నాడు లింగధారణ చేయాలని కాశీ నుంచి తెప్పించింది అది. దీక్ష ఇంకా కాలేదు కాబట్టి ఎవరిదీ కాదు, ఆపద్ధర్మంగా దీన్ని పూజించి అన్నం తినవచ్చు అన్నారు. మీ ఊరు చేరాక మీ గురువు చేతుల మీదుగా మీది మీరు తీసుకోవాలి, ఇది శివరాత్రి లోపల తిరిగి రావాలి, పోస్టులో కాదు, మనిషి చేతిలో రావాలి అన్నారు.

సంగప్పన్న చెయ్యి చాపలేదు. తెలుగులో, వదినెతో అన్నారు. "మన గురువు కాదు, మన మఠం కాదు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఎట్ల తీసుకోవాలె?"

"ఎనిమిదేండ్లప్పుడు అయ్యగారు చెవుల మంత్రం చెప్పినప్పుడు మీకు ఏ భాష సమజయింది?" అన్నది వదినె.

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. తర్వాత నీళ్ళు ఎక్కడున్నాయని అడిగారు. మఠం పెరట్లో బావి ఉంది. నీళ్ళు తోడి, ఎండలో పెట్టిన రాగి బిందెలోంచి చెంబు నింపి ఇచ్చారు. ఈసారి ఆయన అరచేతి కింద పెద్దాయన తన అరచెయ్యి పెట్టి పట్టుకున్నారు. నేను ఫోన్ జీపులో వదిలి వచ్చాను. మూడు గంటల యాభై నిమిషాలకు మట్టి చిప్పలో పెరుగు, అటుకులు భార్యాభర్తలిద్దరూ తిన్నారు. ఆ పెరుగుకు భక్తపూర్ పెట్టింది పేరు. మీరు వెళ్తే తప్పకుండా తినండి. రుచి ఎలా ఉందని సంగప్పన్నను అడగలేదు.

మర్నాడు ఉదయం ఆరుకు డోలేశ్వర్ వెళ్ళాం. భక్తపూర్ నుంచి జీపులో పావుగంట. ఆ గుడిలో మేము గంటన్నర ఉన్నాం. ఎర్రటి ఇటుక గుడి, నేలలోంచి పైకి వచ్చిన శిల. సంగప్పన్న దాని ముందు కళ్ళు మూసుకొని కూర్చున్నారు, వదినె పక్కన కూర్చుంది. బయటికొచ్చాక నేను నా తప్పు చెప్పుకున్నాను. చెయ్యి తిప్పమని అనకపోతే జారేది కాదు కదా అన్నాను.

"నది కాడికి పోయింది నేను. పారే నీళ్ళే గావాలన్నది నేను. నీది ఒక్క మాటనే తమ్మీ" అన్నారు.

ఆ లెక్క న్యాయమైనదే. కానీ ఆ ఒక్క మాట నాది. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఎంతమందిని కొంచెం ఇటు తిరగమన్నానో గుర్తు లేదు. ప్రమాదాల దగ్గర, దవాఖానల ముందు, దహనవాటికల్లో అన్నాను. తిరిగిన ప్రతివాళ్ళ చేతిలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది జారిందో లేదో నేను ఆగి చూడలేదు, నాకు కావలసింది దొరకగానే వచ్చేశాను. ఈ ప్రయాణంలో తాన్‌సేన్ సందులు చూశాను, మచ్ఛపుచ్ఛ్రే మీద మొదటి ఎండ చూశాను, భక్తపూర్ ఇటుకలు చూశాను. వాటి ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. కురింతార్ ఫోటో కూడా ఉంది. తుడిచేయలేదు, ఇక్కడ పెట్టలేదు. సంగప్పన్న దాన్ని చూపించమని ఇంతవరకు అడగలేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన. హిమాలయ నదుల ఒడ్డున పూజ చేసుకోవాలంటే నీళ్ళలోకి దిగకండి. రాత్రే చెంబు నింపి గదిలో పెట్టుకోండి, ఉదయం కింద వెడల్పాటి పళ్ళెం పెట్టుకొని కూర్చోండి. మాత్రలు వేసుకొనేవాళ్ళు పూజ అయ్యాకే, కంచం ముందుకొచ్చాకే వేసుకోవచ్చా అని బయలుదేరే ముందు డాక్టర్‌ను అడగండి.

జహీరాబాద్ వచ్చి వారమైంది. ఆరు నెలల దాకా కొండలు ఎక్కవద్దని సంగప్పన్నకు దవాఖానలో చెప్పారు. సోమవారం ఉదయం ఆరు గంటలకు బీదర్ దారిలోని వాళ్ళ మఠంలో గురువు ఆయనకు కొత్త లింగం కడతారు. ఆ రోజే ఎర్ర గుడ్డ మూట నా చేతికి వస్తుంది. "తొవ్వల మటన్ గిట్ల తినకు" అని ఆయన ఇప్పటికే రెండుసార్లు చెప్పారు. గురువారం సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ రైలుకు ఒక్క టికెట్ తీసుకున్నాను. సునౌలి దగ్గర దీపక్ ఎదురు చూస్తాడు. శివరాత్రికి అయిదు రోజుల ముందు నేను భక్తపూర్ మఠం గడపలో ఉండాలి.